అడవిలో ఒంటరి రాత్రి: భయం ఒకచోట, ప్రమాదం ఇంకోచోట

ఏంబలంలో అడవి లేదు. పుదుచ్చేరి పట్టణానికి నైరుతిగా ఉన్న ఈ ఊరి చుట్టూ వరిమళ్లు, చెరకు తోటలు, చెరువులు, గట్ల మీద తాటిచెట్లు. వీపున సంచి తగిలించుకుని ఒక రాత్రి అడవిలో ఒక్కడే గడిపి రావాలని ఈ ఊరి కుర్రాడికెవరికైనా బుద్ధి పుడితే, మొదట తేల్చుకోవలసింది ఎటు వెళ్లాలన్నదే.

ఒకప్పుడు వెళ్లాల్సిన పనే ఉండేది కాదు. ఏంబలం ఉన్న ఈ మైదానం మీద ఒక విచిత్రమైన అడవి ఉండేది. విశాఖ దగ్గర నుంచి కింద రామనాథపురం దాకా, కోరమాండల్ తీరం వెంబడి సన్నటి పట్టీలా సాగిన ఆ అడవిని వృక్షశాస్త్రజ్ఞులు ఉష్ణమండల శుష్క సతతహరితారణ్యం అంటారు. శుష్కం, సతతహరితం అన్న రెండు మాటలూ ఒకే పేరులో ఇమడడమే దాని ప్రత్యేకత. ఇక్కడ వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలతో కురిసిపోతుంది. తర్వాత నెలల తరబడి ఎండ. అలాంటి చోట టేకులా ఆకు రాల్చి కూర్చోవడం తేలిక. ఇక్కడి పాల, అల్లి, నేరేడు చెట్లు మాత్రం మందపాటి, తోలులాంటి ఆకులతో మే నెలలో కూడా పచ్చగానే నిలుస్తాయి. ఎత్తు పెద్దగా ఉండదు. పది పన్నెండు మీటర్లు దాటితే గొప్ప. కానీ లోపల తీగలూ ముళ్లూ అల్లుకుపోయి, పట్టపగలే మసక చీకటి.

చదునైన నేల, చెరువుల నీరు, దగ్గర్లో రేవులు. నాగలికి ఇంతకంటే అనువైన చోటు ఏముంది? అడవి పోయి పొలం వచ్చింది. మిగిలినవి గుళ్ల చుట్టూ ఉన్న ముక్కలు. పుదుచ్చేరికి ఉత్తరాన పుత్తుపట్టు అయ్యనార్ గుడి తోపు వాటిలో పేరున్నది. మన ఊళ్లలో పొలిమేర పోతురాజును చూసినవాళ్లకు అయ్యనార్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దేవుడికి జడిసి గొడ్డలి ఆగిన చోట్ల చెట్లు బతికాయి. 1968లో ఆరోవిల్ వచ్చాక, వాన కోతకు గురై బోసిపోయిన ఆ ఎర్రనేలల్లో ఈ తోపుల విత్తనాలే ఏరుకొచ్చి మళ్లీ అడవిని పెంచారు. ఈ జాతి అడవి పెద్ద ఎత్తున చూడాలంటే తెలుగు నేల మీదే ఉంది, కానీ లోపలికి పోనివ్వరు. అది శ్రీహరికోట. యానాదులు తరతరాలుగా తిరిగిన ఆ దీవి అడవి ఇప్పుడు ఇస్రో కంచె లోపల ఉంది. రాకెట్ల కోసం మనుషులను దూరం పెట్టడం ఆ చెట్లకు కలిసొచ్చింది. యానాదులకు కలిసి రాలేదు.

కాబట్టి మనవాడు ఉత్తరంగా, తూర్పు కనుమల వైపు కదలాలి: శేషాచలం, లంకమల, నల్లమల. అక్కడా బ్యాగు సర్దుకుని నేరుగా దూరిపోవడం కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగు పెట్టాలంటే అనుమతి కావాలి. ఎర్రచందనం దొంగల కోసం గాలించే శేషాచలంలో రాత్రిపూట ఒంటరిగా సంచితో కనిపించేవాడిని ఎవరూ ప్రకృతి ప్రేమికుడనుకోరు. అటవీశాఖ నడిపే విడిది చోట్లు, వాళ్లిచ్చే మనిషి తోడు, వాళ్లు చూపించే దారి, ఇవే మర్యాదగా ఉన్న మార్గాలు. మనకు అడవిలో రాత్రి నడకలు కొత్తవేమీ కావు. శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల దాటి శ్రీశైలం చేరే కాలినడక భక్తులు ఏటా అడవిలోనే పడుకుంటారు. వాళ్ల మూటలో ఒక దుప్పటి, కొంచెం తిండి, ఒక చెంబు. తేడా ఏమిటంటే వాళ్లు గుంపుగా ఉంటారు. ఆ తేడా చిన్నది కాదని ముందు ముందు చూస్తాం.

సంచి గురించి ఒక్క మాట. ఈ విద్య మీద వచ్చిన పుస్తకాలు చాలావరకు చలి దేశాల్లో రాసినవి. వాటిలో సగం పేజీలు వెచ్చదనం గురించే: ఏ స్లీపింగ్ బ్యాగు, ఎన్ని పొరల చొక్కాలు. మన దగ్గర బరువంతా నీళ్లదే. ఉక్కపోతలో ఎత్తు ఎక్కుతూ నడిచే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోగలదు. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి, మరునాటి ఉదయం అంటే నాలుగైదు కిలోలు నీళ్లకే పోతాయి. ఆ బరువు మోయడానికి మళ్లీ చెమట. ఈ లెక్కను తప్పించుకునే దారి ఒక్కటే: కొలను పక్కగా దారి వేసుకోవడం. శ్రీశైలం దారి కొలనుల పేర్లతో సాగడం యాదృచ్ఛికం కాదు. చలికి మాత్రం రెండు జాగ్రత్తలు చాలు. చెమటకు తడిసిన చొక్కా విప్పి పొడిది తొడుక్కోవాలి, నేలకూ వీపుకూ మధ్య ఏదో ఒకటి పరుచుకోవాలి. తెల్లవారుజామున నాలుగు గంటల వేళ మన ఒంటి వేడి రోజు మొత్తంలో అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఇరవై డిగ్రీల గాలి కూడా అప్పుడు వణికిస్తుంది.

ఇక పొద్దు గూకిందనుకుందాం.

నడి ఎండలో నేల మీద పడే వెలుగు లక్ష లక్సులు. నిండు పున్నమి వెన్నెల లక్సులో మూడో వంతుకు మించదు. చంద్రుడు లేని రాత్రి చుక్కల వెలుగు అందులోనూ వందల వంతు తక్కువ. ఇంత తేడాను ఒకే జత కళ్లు భరిస్తున్నాయంటే అందులో రెండు వేర్వేరు యంత్రాంగాలు ఉన్నాయి కనుకనే. పగటికి శంకు కణాలు, రాత్రికి దండ కణాలు. దండ కణాల్లో ఉండే రొడాప్సిన్ అనే రంగు పదార్థం వెలుగు తగిలితే విరిగిపోతుంది, చీకట్లో మెల్లగా మళ్లీ కూడుకుంటుంది. పూర్తిగా కూడుకోవడానికి అరగంట పైనే పడుతుంది. దాని తయారీకి ఎ విటమిన్ కావాలి; అది చాలకపోతే వచ్చేదే మన పెద్దలకు బాగా తెలిసిన రేచీకటి.

ఇందువల్ల కొత్తగా వచ్చినవాడు చేసే పని, అంటే చీకటి పడగానే టార్చి వెలిగించి అటూ ఇటూ తిప్పడం, తన కన్ను తానే పొడుచుకోవడంతో సమానం. అరగంట కష్టపడి కూడిన రొడాప్సిన్ ఆ తెల్లటి వెలుగుకు కొద్ది సెకన్లలో పోతుంది. ఎర్ర దీపం నయం, ఎందుకంటే దండ కణాలకు ఎరుపు దాదాపు కనిపించదు. మునిమాపు వేళ ఎర్ర పూలు నల్లబడి, ఆకుపచ్చ మాత్రం కాసేపు వెలుగుతున్నట్టు అనిపించడానికీ కారణం అదే. 19వ శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు గమనించిన సంగతి ఇది. ఇంకొక చిక్కు: కంటి నట్టనడుమ, మనం సూటిగా చూసే చోట, దండ కణాలు లేవు. చీకట్లో దేన్నైనా తేరిపార చూస్తే అది మాయమవుతుంది. పక్కకు చూపు మళ్లిస్తే మళ్లీ కనిపిస్తుంది. దెయ్యాల కథల్లో చూడగానే మాయమైన ఆకారాలు చాలా ఉంటాయి. అవన్నీ ఈ గుంటలోనే పడిపోయాయని నా అనుమానం.

టార్చి పూర్తిగా వద్దని కాదు. నుదుటి దగ్గర పెట్టి వెలిగిస్తే ఎండుటాకుల్లో సన్నటి మెరుపులు కనిపిస్తాయి. మంచు బిందువులనుకుంటారు, చాలావరకు సాలీళ్ల కళ్లు. రాత్రి తిరిగే చాలా జంతువుల కంటి వెనుక అద్దంలాంటి పొర ఉండి, లోపలికి వచ్చిన వెలుగును వెనక్కి కొడుతుంది. అది మనకు లేదు. చీకట్లో మనం అతిథులమని అక్కడే తేలిపోతుంది.

కన్ను వెనక్కి తగ్గితే చెవి ముందుకు వస్తుంది. పగలు ఎండకు నేల దగ్గరి గాలి వేడెక్కి ఉంటుంది. వేడి గాలిలో శబ్దం వేగంగా పోతుంది కాబట్టి శబ్ద తరంగం పైకి వంగి ఆకాశం పాలవుతుంది. రాత్రి నేల చల్లబడి, పైన గాలి వెచ్చగా మిగిలితే వ్యవహారం తలకిందులు. తరంగం కిందికి వంగుతుంది. పొదల అడవుల్లో, బోడిగుట్టల దగ్గర, ఎక్కడో దూరాన పోయే రైలు పక్క వాగులోనే పోతున్నట్టు వినిపించడం అందుకే. ఇంకా దగ్గరగా నైట్‌జార్ పక్షి మొదలెడుతుంది. బండ మీద వదిలేసిన గోళీ ఎగిరెగిరి ఆగినట్టు, చుక్, చుక్, చుకచుకచుక. ఆ పక్షి అడుగు దూరంలో నేల మీద కూర్చుని ఉన్నా కంటికి కనిపించదు.

చెవిని నమ్మి చీకట్లో వెతికినవాళ్ల కథ తెలుగు నేల మీద ఒకటి ఉంది, దాన్ని ఇక్కడ కొంచెం తీరుబడిగా చెప్పుకోవాలి. 1848లో జెర్డాన్ అనే బ్రిటిష్ వైద్యుడు, పక్షి శాస్త్రజ్ఞుడు ఒక పిట్టను లోకానికి పరిచయం చేశాడు. ఎదమీద రెండు పట్టీలు, పొడుగు కాళ్లు, ఎగరడం కంటే పరుగెత్తడం ఇష్టం. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూశారు. ఆ తర్వాత ఎనభై అయిదేళ్లు దాని జాడ లేదు. అంతరించిందనే చాలామంది తీర్మానించారు. పక్షి శాస్త్రజ్ఞులు వెతికింది పగలు. కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గరి లంకమల పొదల్లో రాత్రులు తిరిగే స్థానిక వేటగాళ్లకు మాత్రం అది తెలుసు. కలివికోడి అనే పేరు కూడా ఉంది. 1986 జనవరిలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అక్కడ పని చేస్తుండగా, ఊరి మనిషి ఒకడు రాత్రి టార్చి వెలుగులో ఆ పక్షిని పట్టి తెచ్చాడు. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చవలసి వచ్చింది.

దొరికాక కూడా దాన్ని చూడడం గగనమే అయింది. ఆ తర్వాత పరిశోధకులు జాడ పట్టింది రెండు రకాలుగా. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి తెల్లవారి అడుగుల గుర్తులు చూశారు. పొద్దుగూకిన ముప్పావు గంట తర్వాత కొద్ది నిమిషాల పాటు అది వేసే కూతను రికార్డు చేసి, ఆ కూతతోనే వెతికారు. రోజులో ఆ కొద్ది నిమిషాలు మాటల్లోనో వంటలోనో పోగొట్టుకున్నవాడికి ఆ పక్షి లేనట్టే. ఒంటరిగా ఉండడం వల్ల అడవిలో నిజంగా కలిసొచ్చేది ఇదే. మాట్లాడడానికి ఎవరూ ఉండరు.

అయితే చెవి తెచ్చే వార్తలన్నీ మెదడు సరిగ్గా చదవదు. ఎండుటాకుల మీద ఎలుక పరుగెత్తితే అయ్యే చప్పుడు ఎలుకకు మించినది. చిరుతపులి అడుగు కింద మెత్తటి దిండ్లు ఉంటాయి, అది నడిస్తే చప్పుడే ఉండదు. అంటే రాత్రి పెద్దగా వినిపించేవి ఎక్కువగా చిన్న ప్రాణులే. ఈ ముక్క తెలిసినంత మాత్రాన గుండె దడ తగ్గదు. ఆ దడ తెలివితో పుట్టింది కాదు. వంద సార్లు ఊరికే ఉలిక్కిపడితే పోయేది కాస్త నిద్ర. ఒక్కసారి ఉలిక్కిపడాల్సిన చోట పడకపోతే పోయేది ప్రాణం. లక్షల ఏళ్లుగా ఈ లెక్క ప్రకారమే మన నరాలు తయారయ్యాయి. ఆ లెక్కకు ఆధారమూ ఉంది. టాంజానియాలో 1988 నుంచి 2009 వరకు సింహాలు మనుషుల మీద పడ్డ ఘటనలను పరిశీలిస్తే, పున్నమి తర్వాతి రోజుల్లో, పొద్దుగూకాక చంద్రుడు ఇంకా రాని ఆ చీకటి గంటల్లో దాడులు పెరిగాయని తేలింది.

గుంపుకు ఈ బెడద తక్కువ. టాంజానియాలోనే హద్జా అనే వేట తెగ వారిలో 33 మంది పెద్దల నిద్రను పరిశోధకులు 20 రోజుల పాటు చేతి పరికరాలతో కొలిచారు, 2017లో ప్రచురించారు. అన్ని రాత్రులూ కలిపి, అందరూ ఒకేసారి నిద్రలో ఉన్నది మొత్తం 18 నిమిషాలు. కాపలా పెట్టుకుని కాదు. ముసలివాళ్లు తొందరగా పడుకుని తొందరగా లేస్తారు, కుర్రవాళ్లు ఆలస్యంగా. మధ్యలో ఎవరో ఒకరు దొర్లుతూ ఉంటారు. రాత్రి రెండింటికి లేచి కూర్చునే మన ఇంటి తాతగారికి జబ్బేమీ లేకపోవచ్చు, ఆయన పాత ఉద్యోగం ఆయన చేస్తున్నారు. నల్లమలలో శివభక్తుల గుంపుకూ ఈ కాపలా అప్రయత్నంగా దొరుకుతుంది. ఒంటరివాడికి దొరకదు.

దొరకనప్పుడు మెదడు తనను తానే చీల్చుకుంటుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో చూపించిన దాని ప్రకారం, కొత్త చోట మొదటి రాత్రి గాఢ నిద్రలో మెదడు ఎడమ సగం కుడి సగం అంత లోతుగా నిద్రపోదు. ఆ సగానికి సంబంధించిన కుడి చెవిలో వింత శబ్దం చేస్తే మనిషి త్వరగా మేలుకుంటాడు. రెండో విడత అదే చోట పడుకోబెడితే ఈ తేడా పోయింది. ఇదంతా మెత్తటి పరుపున్న ప్రయోగశాలలో. బాతుల్లో ఈ కళ ఇంకా స్పష్టం: వరసగా పడుకున్న బాతుల్లో అంచున ఉన్నది బయటి వైపు కన్ను తెరిచి, సగం మెదడుతో నిద్రపోతుంది. అడవిలో ఒంటరివాడికి అన్ని వైపులా అంచే. మొదటి రాత్రి నిద్ర పట్టలేదని తనను తాను పిరికివాడిగా జమకట్టుకోనక్కర్లేదు. మరునాడు దిగుడు దారిలో కాళ్లు తడబడతాయని మాత్రం గుర్తు పెట్టుకుని, నడక తగ్గించుకోవాలి.

ఇంత కష్టపడి కాచిన కాపలా దేని కోసం? పులి, చిరుత, ఎలుగుబంటి, దొంగ. అంటే చప్పుడు చేసేవి, లేదా చేస్తాయని మనం అనుకునేవి. తూర్పు కనుమల్లో వాటి సంగతి కొట్టిపారేయలేం. ఎలుగు ఉన్న చోట సందెవేళ తిరగకపోవడం, ఏనుగుల దారిలో పడుకోకపోవడం ఫారెస్టు గార్డు చెప్పకుండానే పాటించాలి. అయితే పడుకున్న మనిషి దగ్గరికి నిజంగా వచ్చేది చెవి అంచనాకు అందనిది. కట్లపాము.

నాగుపాము పడగ విప్పి బుసకొడుతుంది, రక్తపింజర కుక్కర్‌లా బుసలు పెడుతుంది. కట్లపాము పగలు మందకొడిగా ముడుచుకు పడుకుని, రాత్రి వేటకు బయలుదేరుతుంది. నేల మీద పడుకున్నవారి పక్కల్లోకి చేరి, వాళ్లు ఒత్తిగిలినప్పుడు కాటేస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. ఏదో కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోయినవాళ్లు ఉన్నారు. కొన్ని గంటలకు కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగుడు పడకపోవడం, ఆపైన ఊపిరి కండరాలు ఆగిపోవడం. విషం నరాల చివర్లను దెబ్బతీస్తుంది కాబట్టి, ఆలస్యమయ్యే కొద్దీ మందు పట్టు తగ్గుతుంది, వెంటిలేటర్ మీద ఆధారపడాల్సి వస్తుంది. 2000 నుంచి 2019 మధ్య మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. వీళ్లలో అడవికి సరదాగా వెళ్లినవాళ్లు లెక్కకు కూడా రారు. పొలం గట్ల మీద, గుడిసెల్లో నేల మీద పడుకున్నవాళ్లు. ఏంబలం చెరకు తోటల చుట్టుపక్కల కూడా ఈ పాము ఉంటుంది. ఆ సంగతిలో ఊరికీ అడవికీ తేడా లేదు.

విరుగుడు మందు తయారీకి కావలసిన విషం చాలావరకు పుదుచ్చేరి నుంచి చెన్నై పోయే తీర రోడ్డు మీదే, వడనెమ్మేలి దగ్గరున్న ఇరుళ పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో మొదలైంది. తోళ్ల వ్యాపారం నిషేధమై బతుకుదెరువు పోయిన ఇరుళలు, అదే నైపుణ్యంతో పాముల విషం తీసి తిరిగి వాటిని వదిలేస్తారు. నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకే మందు.

మందు ఆసుపత్రిలో ఉంటుంది, మనం అడవిలో ఉంటాం. కాబట్టి కాటు పడకుండా చూసుకోవడమే తెలివి, అదీ పెద్ద ఖర్చు కాదు. నేపాల్ తెరాయిలో చేసిన పరిశీలనలో దోమతెరలో పడుకున్నవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తగ్గిందని తేలింది. తెర అంచుల్ని పరుపు కిందికి దోపాలి, వేలాడదీస్తే లాభం లేదు. జిప్ ఉన్న టెంటు, చెట్టుకు కట్టే ఊయల పడక కూడా అదే పని చేస్తాయి. రాత్రి మూత్రానికి లేస్తే బూట్లు, దీపం. అక్కడ మాత్రం కంటి రొడాప్సిన్ గురించి బెంగ పెట్టుకోకూడదు. ఒకవేళ కాటు పడిందన్న అనుమానం వచ్చినా గాటు కోయడం, తాడు బిగించడం, పసరు పూయడం వద్దు. ఆ అవయవం కదపకుండా కట్టి, ఆసుపత్రికి చేరాలి. ఒంటరి ప్రయాణానికి అసలు పరీక్ష ఇక్కడుంది. మోసుకెళ్లేవాడు ఉండడు. ఎక్కడ పడుకుంటున్నాడో, ఎన్నింటికి తిరిగి వస్తాడో ఒకరికి చెప్పి, రాకపోతే వెతకమని ఒప్పించి పోవడమే అతనికున్న కాపలా.

మిగిలిన వాటిలో పిడుగు, వాగు. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు పోతున్నారు. ఉరుము వినిపిస్తే గుట్ట నెత్తి దిగాలి, ఒంటిచెట్టు కింద నిలబడకూడదు. ఎండిన వాగులో మెత్తటి ఇసుక చూసి పక్క వేయకూడదు. పైన ఎక్కడో కురిసిన వాన అక్కడికి చప్పుడు లేకుండా బయలుదేరి, వచ్చాకే చప్పుడు చేస్తుంది.

తెల్లవారాక పులీ రాలేదు, పామూ రాలేదు, మనవాడు కొండ దిగి పుదుచ్చేరి బస్సెక్కాడనుకుందాం. సంచిలో నీళ్లు అయిపోయాయి, కాబట్టి భుజం తేలిక. అడవితో లెక్క తీరిపోయిందనిపిస్తుంది. కానీ తీరలేదు. పొదల అంచుల్లో, గడ్డి కొసల మీద, అర మిల్లీమీటరు కూడా ఉండని ఎర్రటి నల్లి పిల్లలు ఆనుకుని ఉంటాయి. దారిన పోయే ఎలుకైనా మనిషైనా వాటికి ఒకటే. ఎక్కాక నడుము పట్టీ దగ్గరో, చంకలోనో, గజ్జల్లోనో చేరి చర్మాన్ని కొరుకుతాయి, నొప్పి ఉండదు. వాటిలో కొన్ని స్క్రబ్ టైఫస్ సూక్ష్మజీవిని మోస్తాయి. పుదుచ్చేరి, తిరుపతి ఆసుపత్రుల వైద్యులకు ఈ జ్వరం బాగా తెలుసు. వానలు పడ్డాక, చలినెలల్లో ఎక్కువగా చూస్తారు. కొరికిన ఆరు రోజుల నుంచి మూడు వారాల లోపు, చాలామందికి పదో రోజు ప్రాంతంలో, తీవ్రమైన జ్వరం, తలనొప్పి. డెంగ్యూ అనుకునే వీలుంది, టైఫాయిడ్ అనుకునే వీలుంది. కొందరికి కాటు పడ్డ చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటుంది, బట్టల కింద దాగిన చోట కాబట్టి రోగి చెప్పడు, వెతకకపోతే డాక్టరూ చూడడు. వదిలేస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే చవక మాత్రలకు రెండు రోజుల్లో జ్వరం దిగడం మొదలవుతుంది. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో వేసి, సబ్బుతో రుద్ది స్నానం చేయడం మొదటి పని. రెండో పని పది రోజుల తర్వాతిది: జ్వరం వస్తే, అడిగినా అడగకపోయినా, ఫలానా తేదీన అడవిలో పడుకున్నానని డాక్టరుకు చెప్పడం.